మూలకాల పట్టిక ప్రకారం మంచం

మా ఊళ్ళో తెలివిగల ఇల్లు ఏదని అడిగితే అందరూ మా ఇల్లే చూపిస్తారు. నవ్వుతూ చూపిస్తారు. అది మా మీద అభిమానం.

నేను పోలయ్యని. అరవై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చాను. ఇంట్లో నా భార్య గంగులమ్మ, తమ్ముడు తవిటయ్య. వాళ్ళకి చదువు రాదు గాని, నేను చదివిందల్లా నమ్ముతారు. అక్కడే వచ్చింది చిక్కు.

మమ్మల్ని తల్లిలా పెంచిన అక్క బంగారమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. "ఈసారి వసారాలో మంచం లేకపోతే మీ గడప తొక్కనురా" అని కబురు చేసింది. అంతే, ముగ్గురం గదిలో కూర్చుని పెద్ద నవారు మంచం తయారుచేశాం. ఇంకేముంది, అది గుమ్మంలో పట్టలేదు.

"నిలబెట్టి తీయండయ్యా" అన్నాడు పక్కింటాయన.

"మంచం ఉన్నది పడుకోడానికి, నిలబడడానికి కాదు" అన్నాడు తవిటయ్య.

అప్పుడు నాకు రాత్రిబడి గోడమీది పటం గుర్తొచ్చింది. గళ్ళు గళ్ళుగా, అచ్చం నవారు అల్లినట్టుంటుంది. పైన 'మూలకాల పట్టిక' అని రాశారు. మూలల్లో కాళ్ళు, పక్కన పట్టెలు. మంచం కాక మరేమిటి? 'కాళ్ళ' అనబోయి 'కాల' అని అచ్చు తప్పు వేశారు, అంతే.

టీచరమ్మ కూడా చెప్పింది: "పోలయ్యగారూ, ఇందులో ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ పరమాణువు సైజు తగ్గుతుంది, మధ్యలో లాగే బలం పెరుగుతుంది కాబట్టి. పైనుంచి కిందికి దిగేకొద్దీ సైజు పెరుగుతుంది, పొర మీద పొర చేరుతుంది కాబట్టి."

పరమాణువు అంటే ఏ కర్రో నేను అడగలేదు. అడిగితే తెలియదనుకుంటుంది.

మంచాన్ని కుడికి జరిపాం. తవిటయ్య దాని వెడల్పుకి చేతులు చాపి, చాపిన చేతులతోనే గుమ్మం దాటబోయి గుద్దుకున్నాడు.

"తగ్గలేదన్నయ్యా."

"మధ్యలో లాగే బలమేదీ? ఏమే, నువ్వు మధ్యలో కూర్చుని లాగు."

గంగులమ్మ ఎక్కి కూర్చుని నవారు లాగింది. "తేలికవ్వాల్సింది పోయి బరువెక్కిందేమయ్యా?"

"చదువుకున్నవాడి మాటకి అడ్డురాకు."

ఇంతలో కుడిగోడ తగిలింది. ఇంకా కుడికి పోవాలి కదా. అంతే, తవిటయ్య గునపం తెచ్చాడు. మంచమూ, మంచం మీద గంగులమ్మా కన్నంలోంచి బయటపడ్డారు.

"చూశారా, గుమ్మంలో పట్టనిది గోడలో పట్టింది. తగ్గినట్టేగా" అన్నాను.

గంగులమ్మకి దిగులు పట్టుకుంది. "తగ్గిన మంచం మీద వదిన కాళ్ళు చాపుకోగలదా?"

నిజమే. పెరగాలంటే కిందికి దించాలి. ఇంకేముంది, పెరట్లో పేడగుంటలోకి దించాం. నాలుగు కాళ్ళూ దిగబడ్డాయి. పొర కూడా చేరింది.

అప్పుడే అక్క వచ్చింది. "ఒరేయ్, మంచం గుంటలో ఉందేమిటిరా? పైకి తెండి."

"పైకి తెస్తే చిన్నదైపోతుందక్కా. నువ్వే దిగు."

అక్క గోడకేసి చెయ్యి చూపించింది. "మంచం సంగతి తరవాత. ముందు ఆ కన్నం చిన్నది చెయ్యండి, కుక్కలు దూరతాయి."

చిన్నది చెయ్యడం మాకు వచ్చిన విద్యేగా. కన్నాన్ని కుడికి జరపాలి. కుడిపక్క ఇటుకలు ఊడదీసి ఎడమపక్క పేర్చాం. కన్నం ఒక అడుగు జరిగింది. తవిటయ్య చేతులు చాపి చూశాడు.

"తగ్గలేదన్నయ్యా."

"ఇంకా కుడికి."

ఊడదీశాం, పేర్చాం, ఊడదీశాం. గోడ మూలకి చేరామో లేదో, మూల కూలింది. దాని వెనకే కప్పు కూలింది.

అక్క చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మెల్లగా పేడగుంటలోకి దిగి, మంచం మీద పడుకుని కాళ్ళు చాపుకుంది. చాపినా ఇంకా చోటు మిగిలింది.

"చూశావా, పెరిగింది" అన్నాను గంగులమ్మతో.

"మరి ఇల్లు చిన్నదైపోయిందే?"

"దానికేం, రేపు దాన్నీ గుంటలోకి దించుదాం."