సముద్రపు గాలి మళ్లాక

ఏ ఊళ్లో ట్రాక్టరు ఆగినా మస్తాన్ మేస్త్రీ ముందుగా పనిముట్ల సంచి విప్పడు. దొరికినచోట చతికిలబడి, "కాసిని మజ్జిగ పోస్తారా?" అంటాడు. ఈ అలవాటంటే శిష్యుడు యేసోబుకు ఒళ్లుమంట. పన్నెండేళ్లుగా పక్కనుండి పని నేర్చినవాడు కనుక ఒకనాడు అడిగేశాడు: "బండిని చూడగానే జబ్బు మీకెట్టా తెలుస్తది మేస్త్రీ? అది నేర్పకుండా నాకీ మజ్జిగ కాపలా ఏంటి?" మేస్త్రీ మీసంలో నవ్వుకున్నాడు.

ఆ వారమే కోటమ్మ కళ్లంలో పాత ట్రాక్టరు మొండికేసింది. నాలుగు రోజుల్లో తుఫానని కబురు. వరికుప్ప ఇంకా సగం కూడా నూర్చలేదు. తడిస్తే ఆమె ఏడాది కష్టం కుప్పలోనే మొలకెత్తిపోతుంది. ట్రాక్టరుతో నూర్పిడి మిషను ఆడిస్తుండగా రేడియేటరు కుతకుత ఉడికి ఆవిరి చిమ్ముతోంది. మేస్త్రీ యేసోబునే పంపాడు. మొదటిరోజు అతను ఫ్యాను బెల్టు మార్చాడు, రెండోరోజు థర్మోస్టాట్, మూడోరోజు నీళ్ల పంపు. పొట్టు దూరకుండా రేడియేటరు ముందు కట్టిన పాత దోమతెరను విప్పి దులిపి, పనయ్యాక మళ్లీ శుభ్రంగా కట్టేవాడు. పనిమంతుడే, కాదనలేం. మర్నాడు పొద్దున బండి హాయిగా ఆడేది, మధ్యాహ్నానికి మళ్లీ పొంగేది. కోటమ్మ ఏదో చెప్పబోతే మాత్రం, "మీరట్టా నీడన కూచోండమ్మా" అనేవాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. ఆకాశం నల్లబడుతోంది. అయినా మజ్జిగ అడిగాడు. గ్లాసు అందుకుంటూ, "ఎప్పుడు పొంగుతుందమ్మా?" అన్నాడు.

"పొద్దున గంటలకొద్దీ ఆడుద్దయ్యా. సముద్రపు గాలి మళ్లాకే దానికి కోపం."

మేస్త్రీ లేచి ట్రాక్టరు ముందుకు వెళ్లాడు. మళ్లిన గాలికి మిషను ఊదిన పొట్టంతా ట్రాక్టరు మొహాన పడుతోంది. దోమతెర పొట్టు మెత్తుకుని పరుపులా తయారైంది. ఇంజనుకు గాలి అందే సందే లేదు. ఇంజను చల్లారాక తెర తీయించి, మిషనునీ ట్రాక్టరునీ పొట్టు అవతలికి పోయేలా తిప్పించాడు. సంచి తాడు కూడా విప్పలేదు. మొదటి చినుకు పడేలోగా ఆఖరి వరిపన నూర్పయింది, ధాన్యం బస్తాల్లోకి చేరింది. కోటమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. యేసోబుకు గురువు మీద గౌరవమూ తన మీద సిగ్గూ ఒక్కసారే కలిగాయి.

"చూడగానే ఎట్టా తెలిసింది మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రీ ఖాళీ గ్లాసు కోటమ్మకు అందిస్తూ, "నాకేం తెలుసురా? ఆమె చెప్పింది. నాకన్నా మూడు రోజుల ముందు నీకే చెప్పబోయింది" అన్నాడు.