నేరేడు మరకల జంపఖానా

పియానో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రెండేళ్ళలో సువర్ణకి ఓటమి అంటే ఏమిటో తెలియలేదు. తెలియజెప్పడానికే అన్నట్టు తనూజ వచ్చింది.

తొమ్మిదేళ్ళ పిల్ల. ఎక్కడ పాట వినిపించినా తల ఊపుతూ బల్ల మీద తాళం వేస్తుంది. పుస్తకం తెరిస్తే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఐదు గీతల మీదా, వాటి సందుల్లోనూ ఉన్న నల్ల చుక్కల్ని చూసి వాయించమంటే ఒక్క మెట్టూ సరిగ్గా నొక్కదు. "చూడు, చుక్క పైకెళ్ళింది. పైకి!" అని సువర్ణ అంటే, పిల్ల చెయ్యి గాల్లోకి లేపేది.

మొదటిసారి సువర్ణ నవ్వింది. పదోసారికి వేళాకోళం చేస్తోందనుకుని కోప్పడింది. ఒక్కో చుక్కనీ వందసార్లు రాయించింది. పిల్ల బుద్ధిగా రాసింది. రాయడం వచ్చింది గాని వాయించడం రాలేదు.

ఒకరోజు చూస్తే, చుక్కల కింద పెన్సిలుతో సన్నగా స, రి, గ అని రాసుకుని ఉంది. గాత్రం నేర్చుకునే పక్కింటి అక్కని బతిమాలి రాయించుకుందట. సువర్ణకి ఒళ్ళు మండిపోయింది. రబ్బరు తీసుకుని అన్నీ చెరిపేసింది. ఆ విసురుకి కాగితం ఒకచోట చిల్లు పడింది.

ఇక లాభం లేదనుకుంది. ఈ పిల్లకి సంగీతం అబ్బదు, మాన్పించెయ్యండి అని ఆదివారం తల్లితో చెప్పెయ్యాలని నిశ్చయించుకుంది. ఆ మాట అనే ముందు ఒక్కసారి, తనకి పియానో నేర్పిన మాస్టారి చెవిన వెయ్యాలనిపించింది. శనివారం పొద్దున్న తనూజని వెంటబెట్టుకుని, విశాఖపట్నం పాత ఊళ్ళో ఉన్న ఆశీర్వాదం మాస్టారింటికి వెళ్ళింది.

మాస్టారు నలభయ్యేళ్ళపాటు చర్చిలో ఆర్గాను వాయించిన మనిషి. ఇప్పుడు వేళ్ళు వంకర్లు పోయాయి గాని, ఇంట్లో పియానో మీద దుమ్ము వాలనివ్వరు. వీళ్ళు వెళ్ళేసరికి గిన్నెడు నేరేడు పళ్ళు ముందు పెట్టుకుని, ఉప్పు చల్లుకుని తింటున్నారు. తనూజ దోసిట్లో నాలుగు పళ్ళు పోసి వరండాలో కూర్చోబెట్టారు.

"దానికి రాదండీ మాస్టారూ," అంది సువర్ణ గొంతు తగ్గించి. తగ్గించానని అనుకుంది. వరండాలో తనూజ నమలడం ఆపేసింది.

"ఎలా చెబుతున్నావమ్మా?"

"పుస్తకం ఉంది కదండీ. నాకూ మీరు పుస్తకమే కదా ఇచ్చారు! వారం తిరక్కుండా చదివేసిందని అందరితోనూ చెప్పుకునేవారు."

"చెప్పుకునేవాణ్ణి," అన్నారు మాస్టారు. చేతులు కడుక్కుని వచ్చి, "బీరువా మీద జంపఖానా ఉంది. నాకు అందదు. దించి పెట్టు తల్లీ," అన్నారు.

సువర్ణ దించి విప్పింది. రంగు వెలిసిన పాత జంపఖానా. దాని పొడుగునా ఐదు నవారు పట్టీలు సమానమైన ఎడంతో కుట్టి ఉన్నాయి. చూస్తూనే ఆమె మొహం విప్పారింది.

"అయ్యో, ఇది మా ఆటల దుప్పటి కదండీ! ఆసుపత్రిలో డ్యూటీ దిగి మా అమ్మ వచ్చేదాకా, నేను ఏడవకుండా దీని మీద ఆడించేవారు."

"ఆడించేవాణ్ణి."

మాస్టారు తనూజని లోపలికి పిలిచారు. పట్టీలు తిన్నగా పియానోకేసి పోయేటట్టు జంపఖానా పరిపించారు. తనూజ పుస్తకం తీసుకుని, దాన్ని కూడా అలాగే పక్కకి తిప్పి కింద పెట్టారు. అడుగు గీత ఎడమచేతి వైపుకీ, పై గీత కుడిచేతి వైపుకీ వచ్చాయి. కాగితానికి పడిన చిల్లు ఆయన కంటపడింది. దాన్ని వేలితో ఒకసారి తడిమారు. సువర్ణ తల దించుకుంది.

ఒక నేరేడు పండు తీసి రెండో పట్టీ మీద పెట్టారు. పియానో దగ్గరికి నడిచి ఆ పట్టీకి సరిపడే మెట్టు నొక్కారు. ఇంకో పండు ఆ పక్క సందులో పెట్టి, పక్క మెట్టు నొక్కారు. మూడోది మూడో పట్టీ మీద పెట్టి, ఆ పక్క మెట్టు. నాలుగో పండు తనూజ చేతిలో పెట్టి ఊరుకున్నారు.

పిల్ల కాసేపు ఆలోచించింది. పండుని తర్వాతి సందులో పెట్టి, పియానో దగ్గరికి పరిగెత్తి నొక్కింది. సరైన మెట్టే. వెనక్కి వచ్చి పుస్తకాన్ని నిలువుగా తిప్పి చూసింది, పక్కకి తిప్పి చూసింది, మళ్ళీ నిలువుగా తిప్పింది.

"టీచర్! పైకి అంటే... కుడిపక్కకా?"

మూడు నెలలుగా పైకి, పైకి అని అరిచిన సువర్ణ, పుస్తకం అందుకుని తనూ ఒకసారి పక్కకి తిప్పి చూసింది. కాగితం మీద పైకెళ్ళేది పియానో మీద పక్కకెళ్తుందని పిల్లకి ఎవరు చెప్పారు గనక? అసలు తనకి మాత్రం ఎవరు చెప్పారు?

మాస్టారు పళ్ళన్నీ ఏరి మళ్ళీ గిన్నెలో వేశారు. "ఇప్పుడు నువ్వు చదువు," అన్నారు సువర్ణతో.

"ఏం చదవనండీ?"

ఆయన జంపఖానాకేసి చూపించారు. అప్పుడు కనిపించాయి ఆమెకి. పట్టీల మీద మూడు, సందుల్లో మూడు. మొత్తం ఆరు మరకలు, పాతబడి నీలికి తిరిగిన నేరేడు మరకలు.

సువర్ణ పియానో ముందు కూర్చుంది. మెడ తిప్పి వాటిని చూస్తూ వాయించింది. రెండో పట్టీ దగ్గర మొదలైన రాగం మూడు అడుగులు ఎక్కింది, రెండు అడుగులు దిగింది, ఇంకొక్క అడుగు ఉందనగా, ఇంటి గుమ్మం ముందు ఆగిపోయినట్టు ఆగిపోయింది.

"ఎవరు రాశారండీ ఇది?"

"ఆరేళ్ళప్పుడు నువ్వే. నీకు పుస్తకం ఇవ్వడానికి నాలుగు నెలల ముందు. పళ్ళు పేర్చి వాయించావు. మీ అమ్మ వచ్చిందని వాటిని తొక్కుకుంటూ పరిగెత్తావు. మా ఆవిడ ఉతుకుతానంటే నేను ఇవ్వలేదు."

సువర్ణ కళ్ళ ముందు జంపఖానా మసకబారింది. వారం రోజుల్లో నేర్చుకున్నానని ఇన్నేళ్ళూ గొప్పలు చెప్పుకుంది. ఆ నాలుగు నెలలూ ఏడిచే పిల్లని ఊరుకోబెట్టడమే అనుకుంది. ఆయన తనకి ఎంత చేశారో, చేసినట్టు తెలియకుండా ఎలా చేశారో ఇప్పుడు అర్థమై, లేచి ఆయన వంకర వేళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. మళ్ళీ మరకలకేసి చూసి అడిగింది.

"మరి ఏడోది ఏదండీ మాస్టారూ?"

"నువ్వు తినేశావు."

తనూజ ఫక్కున నవ్వింది. గిన్నెలోంచి ఒక పండు తీసి, వంగి పట్టీలు ఒకటీ రెండూ అని లెక్కపెట్టి, రెండోదాని మీద పెట్టింది. పరిగెత్తుకెళ్ళి ఆ మెట్టు నొక్కింది. పద్దెనిమిదేళ్ళుగా ఆగిపోయి ఉన్న పాట పూర్తయింది.

ఆ సంబరంలో వెనక్కి గెంతుతూ పిల్ల పండుని తొక్కేసింది.

"అయ్యో, మరక!" అంటూ సువర్ణ తుడవడానికి కొంగు తీసి కూర్చుంది. "దీన్ని నేను తీసుకెళ్తానండీ మాస్టారూ. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి కావాలి. ముందు శుభ్రంగా ఉతికించి..."

"తీసుకెళ్ళు," అన్నారు మాస్టారు. "ఉతక్కు."