మూసిన బుంగ

గోదావరి పాయల మధ్య మునగలంక అనే ఊళ్లో బుల్లబ్బాయి అనే రైతు ఉండేవాడు, కంటికి కనపడని లోపం అసలు లోపమే కాదని అతని నమ్మకం.

ఇంటి గోడ బీట వారితే దానిమీద క్యాలెండరు తగిలించేవాడు. చూరు కారుతుంటే మంచం పక్కకి జరిపి, కారడం ఆగిపోయిందనేవాడు. ఎద్దు మెడమీద పుండు పడితే రంగు గుడ్డ చుట్టి, ముస్తాబు చేశానని సంతలో చెప్పుకునేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. పొలం పనిలో అతనికి అతనే సాటి, సాయం అడిగినవాళ్లని కాదనేవాడు కాదు. కాకపోతే పరువంటే ప్రాణం.

అతని భార్య నాగరత్నానికి ప్రతిదానికీ 'ఎందుకు' కావాలి. ఏటి ఒడ్డున తడి ఇసుకలో కాలు పెడితే చుట్టూ ఇసుక ఒక్కసారి ఎందుకు ఆరినట్టవుతుంది, బియ్యం కడిగేటప్పుడు మట్టిబెడ్డ కిందకి పోయి ఊక పైకి ఎందుకు తేలుతుంది, ఇలాంటివి అడిగి మొగుణ్ణి విసిగించేది. తెలుసుకుని ఏం చేస్తావే, అట్లు పోస్తావా అనేవాడతను. అతను చెప్పకపోతే తనే వంగి చూసుకునేది. చాలా మంది చూస్తారు కానీ వంగరు, అదే తేడా.

లంక చుట్టూ వరద గట్టు ఉండేది. దాన్ని కాచుకోవడం ఊరంతటి పని. ప్రతి ఇంటికీ గట్టులో కొంత వంతు పంచి ఇచ్చేవారు. వేసవిలో ఎవరి వంతులో వాళ్లు పందికొక్కు కన్నాలు పూడ్చి, మట్టి వేసి, గట్టిపరచాలి. అందుకు ప్రతిఫలంగా ఆ వంతుమీద పెరిగే గడ్డి ఆ ఇంటి పశువులదే. కానీ వరదలో ఎవరి వంతులోనైనా బుంగ పడిందా, అంటే ఏటి నీరు గట్టు కింద నుంచి దారి చేసుకుని ఊరివైపు పైకి తన్నిందా, ఆ ఇంటివాళ్లు సోమరులని తేల్చి వంతు తీసేసేవారు. గడ్డీ పోయేది, పరువూ పోయేది.

ఆ ఏడు శ్రావణంలో పెద్ద వరద వచ్చింది. రేవు మునిగి పడవలు ఆగిపోయాయి. తెల్లవారుతూనే బుల్లబ్బాయి తన వంతు చూసుకోవడానికి వెళ్లాడు. గట్టు అడుగున ఊరివైపు నేలలో చిన్న బుంగ కనిపించింది. అందులోంచి నీళ్లు బుడబుడమని పైకి వస్తున్నాయి. చుట్టూ ఇసుక చీమల పుట్టలా పేరుకుంటోంది.

బుల్లబ్బాయికి కిందటేడు సంగతి గుర్తొచ్చింది. కిందటేడు పక్క వీధి వాళ్ల వంతులో బుంగ పడితే నలుగురిలో వాళ్లని కడిగేసింది అతనే. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తట్టెడు బంకమట్టి తెచ్చి బుంగలో కూరి, కాలితో తొక్కి, పైన బండరాయి దొర్లించి, రాయి మీద గడ్డి కప్పాడు. నీళ్లు ఆగిపోయాయి. పీడ వదిలిందనుకుని ఇంటికొచ్చి చద్దన్నం తిన్నాడు.

పొద్దెక్కేసరికి పక్క వంతులో బుంగ పడింది. అది మంగతాయారుది. ఆమె మొగుడు పోయాక రెండు గేదెల పాలమీద బతుకుతోంది, ఆ గేదెలు ఆ వంతు గడ్డిమీద బతుకుతున్నాయి. పొద్దున్న బుల్లబ్బాయి చూసిన బుంగ కంటే ఇది పెద్దది. ఊరంతా పోగయింది. గట్టు పనులు చూసే ఊరిపెద్ద పల్లంరాజు గారు బంకమట్టి తెప్పించి కూరించారు. నీళ్లు ఆగాయి. అందరూ ఊపిరి పీల్చుకునేలోగా గట్టుకి ఇంకా దగ్గరగా మరో చోట తన్నింది. ఈసారి ఇసుక గుమ్మరించినట్టు వచ్చింది. పైన గట్టు నడినెత్తిన చిన్న పల్లం పడింది.

ఆ పల్లం చూసి గట్టు కుంగుతోందని ఊరివాళ్లకి అర్థమైంది. గట్టు తెగితే ముందు మంగతాయారు ఇల్లు, వెనకే ఊరు. కొందరు పశువుల్ని విప్పడానికి పరుగెత్తారు. మిగిలినవాళ్లు, భయపడ్డవాళ్లు ఎప్పుడూ చేసే పనే చేశారు, తిట్టడానికి ఒక మనిషిని వెతుక్కున్నారు. కన్నాలు పూడ్చి ఉండదన్నారు. ఆడమనిషికి వంతు ఇవ్వడమే తప్పన్నారు. బుల్లబ్బాయి కూడా ఊరుకోలేదు. చెల్లెమ్మకి గేదెల మీదున్న శ్రద్ధ గట్టు మీద లేదు అనేశాడు.

"వేసవంతా ఈ చేతుల్తోనే మట్టి మోశాను అన్నయ్యా, నువ్వు చూశావు కూడా," అంది మంగతాయారు.

బుల్లబ్బాయి తల తిప్పుకున్నాడు. వరద తీశాక ఆమె వంతు తీసేస్తామని పల్లంరాజు గారు ప్రకటించారు.

ఆ గొడవలో నాగరత్నం లేదు. వాళ్ల పశువుల పాక వెనకా పిడికెడంత బుంగ ఒకటి లేచింది. ఆమె దాని పక్కన గొంతుక్కూర్చుంది. ఇసుక రేణువులు ఉడుకుతున్న నూకల్లా లేస్తూ పడుతూ ఉన్నాయి. వేలు పెట్టింది. నిన్నటిదాకా కాలు దిగని నేల ఇప్పుడు జావలా ఉంది. కింద నుంచి నీరు తోస్తుంటే ఏ రేణువూ ఇంకో రేణువు మీద ఆనుకోవడం లేదని ఆమెకు తోచింది. మరి ఆ తోపు తగ్గితే?

మూలనున్న అడుగు ఊడిన బిందె తెచ్చి బుంగ చుట్టూ దించింది. నీళ్లు బిందెలో పైకెక్కాయి. ఎక్కేకొద్దీ కింద గంతులు తగ్గాయి. కాసేపటికి ఇసుక అణిగి కూర్చుంది. బిందె అంచు మీదుగా నీళ్లు మెల్లగా పొర్లుతూనే ఉన్నాయి, కానీ తేటగా. నాగరత్నానికి ఎంత సంతోషం వేసిందంటే, ఊరు మునగబోతోందని కూడా ఓ క్షణం మరిచిపోయింది.

తర్వాత పరుగున గట్టు దగ్గరికి వచ్చింది.

"మట్టి కూరకండి బాబూ. అవతల ఏరు అంత ఎత్తున నిలబడి తోస్తోంది, ఇక్కడ నోరు నొక్కితే ఇంకోచోట నోరు చేసుకుంటుంది. నీళ్లు వస్తే రానివ్వండి. నీళ్లతో ఇసుక రాకూడదు. ఆ వచ్చే ఇసుకే మన గట్టు."

నీళ్లు రానిమ్మంటుందేంటని కొందరు నవ్వారు. పల్లంరాజు గారు నవ్వలేదు. పాక వెనక్కి వెళ్లి బిందె చూసి వచ్చారు. మొదటిదాంట్లో కూరిన మట్టి తీయించి, రెండు బుంగల చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా దడి కట్టించారు. లోపల ముందు ముతక ఇసుక, దానిమీద గులకరాళ్లు పోయమంది నాగరత్నం. వరద నీళ్లు వడకట్టే కుండలో ఇసుక జారిపోకుండా అడుగున రాళ్లు వేస్తాం కదా, ఇక్కడ నీరు పైకి వస్తోంది కాబట్టి రాళ్లు పైన ఉండాలంది. నీళ్లు దడిలో పైకెక్కాయి. పొంగు తగ్గింది. కానీ బురద రంగు మాత్రం వదల్లేదు.

నాగరత్నం గట్టు వెంట అటూ ఇటూ నడిచింది. ఏటి ఒరవడి అంతా వచ్చి తాకుతున్నది మంగతాయారు వంతుకి కాదు, తమ వంతుకి. "ముందు ఇక్కడే పడాలి కదండీ బుంగ, ఎందుకు పడలేదు?" అని మొగుణ్ణి అడిగింది. ఆమెకు అనుమానమేమీ లేదు, నిజంగానే తెలియక అడిగింది.

బుల్లబ్బాయి గడ్డి కప్పిన రాయివైపు చూశాడు. చెప్తే వంతు పోతుంది, ఇన్నేళ్ల పరువు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పైకి చూశాడు. గట్టు నడినెత్తిన పల్లం ఇందాకటికంటే లోతుగా ఉంది. కింద మంగతాయారు, తన వంతు పోయిందని తెలిసీ, ఇంకా బస్తాలు మోస్తూనే ఉంది. అది చూసి అతనికి తనమీద తనకే రోత పుట్టింది.

"పడింది," అన్నాడు. "పొద్దున్నే పడింది. నేనే మూసేశాను."

 అతను గబగబా వెళ్లి గడ్డి లాగేసి, బండరాయి దొర్లించి, చేతుల్తో బంకమట్టి తవ్వి తీశాడు. నీళ్లు ఒక్కసారి ఎగదన్ని అతని ముఖం మీద కొట్టాయి. వెంటనే అందరూ బస్తాలు అందించారు. దడి మోకాలెత్తు లేచింది. లోపల ముతక ఇసుక, గులకరాళ్లు పడ్డాయి. బుల్లబ్బాయి బురదలోనే కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఇక్కడ దారి దొరికేసరికి మంగతాయారు వంతులో తోపు తగ్గింది. చూస్తుండగా అక్కడ బురద తేరింది, ఇక్కడా తేరింది. సాయంత్రానికి మూడు దడుల్లోనూ అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకునేంత తేటగా నీళ్లు పొర్లుతున్నాయి. పైన పల్లం మళ్లీ దిగలేదు. గట్టు నిలబడింది.

బుల్లబ్బాయి లేచి, పొద్దున్న నిందవేసిన ఆ నలుగురి ముందే మంగతాయారుకి చేతులు జోడించాడు. నీ వంతులో బుంగ నా వంతులోంచి వచ్చింది చెల్లెమ్మా అన్నాడు. తన వంతు తీసేయమని పల్లంరాజు గారిని అతనే అడిగాడు.

"బుంగ పడితే వంతు తీసేస్తామంటుంటే ఇంకెవరు చెప్తారండీ?" అంది నాగరత్నం. అదీ ప్రశ్నే.

ఆ ప్రశ్నకి పల్లంరాజు గారు పాత కట్టుబాటే మార్చేశారు, మంగతాయారు వంతు ఆమెకే ఉంచారు. ఆ రోజు నుంచి మునగలంకలో బుంగ పడటం తప్పు కాకుండా పోయింది, దాచడం ఒక్కటే తప్పయింది. ఆ తప్పుకి బుల్లబ్బాయి వంతు గడ్డి ఆ ఏడాది మంగతాయారు గేదెలకి వెళ్లింది. రోజూ కోసి మోసుకెళ్లి వేసింది బుల్లబ్బాయే.

నీతి: తప్పును కప్పిపెడితే అది ఆగదు, మరొకరి కాళ్ల కింద మరింత పెద్దదై బయటపడుతుంది, వెంటనే ఒప్పుకుని దారి ఇస్తే, అదే తేటపడుతుంది.