గొళ్ళెము వేసిన కామేశము: అభయాంబ దీపవ్రత కథ

పూర్వమొకప్పుడు మహేంద్రగిరిపై మునులు కూడియుండగా శంఖుడను ముని దేవలమహర్షికి నమస్కరించి ఇట్లడిగెను. మహాత్మా, కలియుగమున జనులు కోరి కోరి చీకటిలో కూర్చుండి దయ్యముల బొమ్మలు చూతురని వింటిమి. అట్టివి తీయువారికి కీడు కలుగకుండు వ్రతమేదైన కలదా? అంతట దేవలుడు, జరుగబోవు దానిని జరిగినట్లే చెప్పెదను, నడుమ లేవక వినుడని చెప్పసాగెను.

గోదావరి సీమలో మండపేట యందు యర్రమిల్లి కామేశమను వాడు కలడు. అతని భార్య శేషారత్నము, కూతురు తులసి. కామేశము ఎన్నో యేండ్లు ఇతరుల సినిమాలకు లైట్లు మోసి, తుదకు ఒక దయ్యపు కథకు దర్శకుడయ్యెను. ఆ దినములలో ఒక శుక్రవారము నడిమధ్యాహ్నము ఎవరో ముసలి ముత్తైదువ శేషారత్నము వాకిట నిలిచి దాహమడిగెను. నీళ్ళు త్రాగి, తన పేరు అభయాంబ యనియు, భయపు కథ తీయువారు తనను మరువరాదనియు చెప్పి వ్రతమును ఉపదేశించెను. మొదటి దినమున పని జరుగు చోటనే తొమ్మిది వత్తులతో నువ్వులనూనె దీపము పెట్టవలెను. పనిచేయువారినందరిని కూర్చుండబెట్టి, భయపెట్టుటకు ఏ మూలనుండి ఏమి వచ్చునో దాచక చెప్పి, చలిమిడి పంచవలెను. చివరి దినమున మరల దీపము వెలిగించి, భయము తీరినది, ఇండ్లకు పొండని ఒక్కొక్కరిని పేరుపెట్టి పంపవలెను. ఇట్లు చెప్పి ఆమె వీధి మలుపు చేరకయే కానరాకపోయెను.

కామేశము భార్య మాట కాదనలేక అట్లే చేసెను. జనులు విరుగబడి చూచిరి. ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఇండ్లకు పోయి, మరునాడు మరల వచ్చిరి. రెండవ చిత్రమునకును దీపము పెట్టెను. మేడయు, కారును, పేరును కలిగెను.

పేరు వెంట గర్వము వచ్చెను. మూడవ చిత్రమును మూతబడిన బియ్యపు మిల్లులో తీయుచు, దీపమునకు తీరిక లేదనెను. అందు నాటకములనుండి వచ్చిన వరహాలు అను పిల్ల కథానాయిక. ఆమె అరుపు నటనవలె నున్నదని కామేశము విసుగుకొని, ఒకనాడు ఆమెను ఊకగదిలోనికి పంపి బయట గొళ్ళెము వేసెను. సన్నని వెలుగొకటి తప్ప అన్ని దీపములు ఆర్పించి, గోడ కన్నమునుండి కెమెరా తిప్పించెను. తలుపు తీయవలదని అందరికి సైగ చేయగా, అందరు ఊరకుండిరి. ఆమె మొదట పిలిచెను. తరువాత బ్రతిమాలెను. తరువాత అరచెను. అరుపు ఆగిన పిదపను కామేశము కొంతసేపు తీయించెను. తలుపు తెరచునప్పటికి వరహాలు గోడవైపు ముఖము పెట్టి కూర్చుండియుండెను. ఎవరు పిలిచినను పలుకలేదు. తల్లి వచ్చి పాలకొల్లు తీసికొనిపోయెను. చివరి దినపు దీపము కూడ వెలుగలేదు.

ఆ అరుపును జనులు మెచ్చిరి. కాని నాటినుండి అది కామేశము చెవిని వదలలేదు. కుళాయి తిప్పిన అదే, కుర్చీ జరిపిన అదే. నాల్గవ చిత్రమున ఎవరును అరవని చోట ఆ కేక వినబడెను. తుడిపించినను మరల వచ్చెను. చూడవచ్చినవారు, ఇది ఆట కాదు, లోపల ఎవరో నిజముగా ఏడ్చుచున్నారని విశ్రాంతికి ముందే లేచిపోయిరి. ఐదవ చిత్రమునకును అంతే అయ్యెను. నిర్మాతలు ముఖము చాటువేసిరి. మేడ పోయెను.

ఒకనాడు బడినుండి వచ్చిన తులసి సంచి దింపక గోడవైపు తిరిగి కూర్చుండెను. పిలిచినను పలుకదు. ముఖము త్రిప్పబోగా మెడ కొయ్యవలె బిగిసియుండెను. ఆ కూర్చున్న తీరు ఎరిగిన కామేశము గుమ్మమున కూలబడెను. శేషారత్నము మెల్లగా అడిగెను.

"ఆ పిల్లని లోపలెట్టి గొళ్ళెమేసింది మీరేనాండీ?"

"నేనే."

"ఎందుకండీ?"

"అరుపు బాగా రావాలని."

భార్యాభర్తలు పాలకొల్లు పోయిరి. వరహాలు తల్లి మూడు దినములు తలుపు తీయలేదు. నాల్గవ దినమున తీయగా కామేశము, ఆ ఊకగదిలో తాను కూర్చుండెదననియు, వరహాలే గొళ్ళెము వేయవలెననియు వేడుకొనెను. అందరు మిల్లు చేరిరి. శేషారత్నము తులసిని ఎత్తుకొని, వ్రతపు దీపమును, చలిమిడిని వెంట తెచ్చెను. వరహాలు పలుకక గొళ్ళెము వేసెను.

లోపల ఊకవాసన తప్ప ఏమియు తెలియలేదు. కొంతసేపటికి అతని ప్రక్కన ఎవరో ఊపిరి పీల్చిరి. అతడు జరిగిన కొలది అదియు జరిగెను. చల్లని వ్రేళ్ళు మోకాలిని తాకెను. అతడు పిలిచెను, బ్రతిమాలెను, అరచెను. నోట వచ్చినది తన గొంతు కాదు, ఆ పిల్ల కేక. నోరు మూసికొనినను అది ఆగలేదు.

అప్పుడు గొళ్ళెము తీసిన చప్పుడయ్యెను. వరహాలు గుమ్మమున నిలిచియుండెను.

"భయమేసిందాండీ?" అనెను. మూడేండ్ల పిదప ఆమె పలికిన మొదటి మాట అది.

"ఏసిందమ్మా."

"నేను పిలిచినప్పుడు మీకు వినబడిందా?"

కామేశము తల దించుకొని, "వినబడింది" అనెను.

క్షమించితినని ఆమె అనలేదు. అగ్గిపెట్టె అందుకొని తొమ్మిది వత్తులను తానే వెలిగించెను. శేషారత్నము చలిమిడి పంచుచుండగా తులసి ముఖము త్రిప్పి, ఆకలి అని తల్లి కొంగు పట్టుకొనెను. కామేశము ప్రతి ప్రింటునుండి ఆ అరుపు కోయించి, ఆ ముక్కలను వరహాలు చేత గోదావరిలో వదిలించెను. పిదప తీసిన చిత్రములన్నిటికి వ్రతము తప్పలేదు. పోయిన సంపద మరల వచ్చెను. వరహాలు మరల నాటకములాడెను గాని అతని చిత్రములలో నటింపలేదు. అతడు అడుగనులేదు.

శంఖా, భయపు కథలు తీయువారు, వానిలో నటించువారు, పిల్లలకు దయ్యముల కథలు చెప్పువారు, తమ చేతిక్రింద ఇతరులు పనిచేయు యజమానులు ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి పేరు నిలుచును, పోయిన మాట తిరిగివచ్చును, బిడ్డలు ఉలికిపడక నిద్రింతురు. అరుపు విని ఊరకున్నవారును చేయవలెను. వారికిది మరింత అవసరము. కథ విన్నవారు అక్షతలు శిరసున వేసికొని, ప్రసాదము పుచ్చుకొని, దీపము కొండెక్కునంతవరకు ఎవరినీ ఒంటరిగా విడువరాదు.