ముప్పావుగంట దారి

"పదేళ్ళ సాధన స్వామీ! చివరికి చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఇన్నాళ్ళూ నడిచిన దూరమంతా పోయినట్టేనా?" అని చిదంబరం అడిగాడు.

అడిగిన చోటు ఆశ్రమం కాదు. ఉత్తరాన మంచుకొండల నడుమ, తాంగ్లా అనే ఊళ్ళో రేకుల షెడ్డంత విమానాశ్రయం. విరూపాక్షయ్యగారు ఏ ప్రశ్నకీ వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. శాలువా చెవులమీదికి లాక్కుని, "ముందు మంగతాయారు దిగనీరా" అన్నారు.

మంగతాయారు చిదంబరం భార్య. గురువుగారి వెంట యాత్రకొచ్చిన వాళ్ళలో ఆవిడొక్కతే కొండగాలి పడక, కొండల కిందున్న పెంజూరులో ఆగిపోయింది. డాక్టరమ్మ సరేననేదాకా విమానం ఎక్కడానికి లేదు. నిన్న సాయంత్రం ఫోనులో చిదంబరం, "ముప్పావుగంట దారికి ఇన్ని రోజులా? రాలేకపోతే మానెయ్!" అని కసిరి పెట్టేశాడు. కోపాన్ని జయించానని మొన్నటిదాకా తోటి శిష్యులకి నీతులు చెప్పిన పెద్దమనిషి! తెల్లారేసరికి బుద్ధొచ్చి, ఇదిగో, ఈ ప్రశ్న పట్టుకొచ్చాడు.

చిదంబరం సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాడు. పటం మీద స్కేలు పెట్టి రెండు ఊళ్ళ మధ్యా నూట అరవై కిలోమీటర్లని ఎప్పుడో తేల్చేశాడు. మంగతాయారు ఎక్కిన విమానం పెంజూరులో లేచిందని కౌంటరు అమ్మాయి చెప్పగానే గడియారం చూసుకున్నాడు. ముప్పావుగంట అయింది. గంటా దాటింది. ఎక్కడా విమానం చప్పుడు లేదు. కనుమ మీద మబ్బు మాత్రం దట్టంగా పేరుకుంటోంది.

"లెక్క ప్రకారం ఈపాటికి దిగాలి స్వామీ" అన్నాడు.

"అవి కాకిలెక్కలురా. ఆ కనుమ మీద కాకి కూడా తిన్నగా ఎగరదు" అన్నారు గురువుగారు. అన్నారే గానీ, ఆయన వేళ్ళ మధ్య జపమాల ఎప్పుడో ఆగిపోయింది.

చిదంబరానికి కాలు నిలవలేదు. కట్టుకున్నదానితో తను అన్న ఆఖరిమాట 'మానెయ్' అన్నదేనా? ఏడుకొండలవాడా, ఒక్కసారి దాని గొంతు వినిపించు, జన్మలో కసరను, అని మొక్కుకున్నాడు. అలాంటి మొక్కులు ఇదివరకు చాలానే మొక్కాడనుకోండి. అయినా ఈసారి భయం మాత్రం నిజం.

అంతలో జేబులో ఫోను మోగింది.

"ఏవండీ, నేనే. కొండదాకా వచ్చాం. మబ్బు దారివ్వడం లేదని పైలటు వెనక్కి తిప్పేశాడు. మళ్ళీ పెంజూరులోనే ఉన్నా. పొద్దున డాక్టరమ్మతో అలవాటుకొద్దీ 'వెళ్ళొస్తానమ్మా' అన్నాను. అన్నంత పనీ చేశాను చూడండి!" అని నవ్వింది మంగతాయారు.

"అమ్మయ్య!" అంటూ చిదంబరం బెంచీ మీద కూలబడి, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గయినా లేకుండా ఏడ్చేశాడు. "నిన్న నోరు జారానే, మనసులో పెట్టుకోకు" అన్నాడు.

"సరేలెండి, ముందు ఏదైనా తినండి" అందావిడ.

కళ్ళు తుడుచుకుని గురువుగారి వైపు తిరిగాడు. "గండం గడిచింది స్వామీ! ఆ పైలటు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. ఊరెళ్ళగానే కొబ్బరికాయలు కొడతాను."

"ఎందుకూ? విమానం లేచినచోటే దిగిందిగా" అన్నారు విరూపాక్షయ్యగారు.

ఇందాక తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చి చిదంబరం చటుక్కున లేచాడు.

గురువుగారు అతని భుజం ఆసరా చేసుకుని లేచారు. "రేపు మబ్బు విడితే మళ్ళీ బయల్దేరుతుందట. పద, ఆకలేస్తోంది."