బాలింత కంచంలో కరివేపాకు

కృష్ణ ఒడ్డున లంకపాలెంలో, తన ఇంటికొక న్యాయం, ఊరికొక న్యాయం పాటించే బసవపున్నయ్య అనే కరివేపాకు రైతు ఉండేవాడు.

పదెకరాల తోట ఆయనది. ఆకు మీద ఒక్క మచ్చ కనబడినా మార్కెట్లో కొనరని వారానికోసారి పురుగుమందు కొట్టించేవాడు. వాన పడినా కారిపోకుండా అందులో జిగురు మందు కలిపేవాడు. కొట్టిన మర్నాడే కోత! కొన్నాళ్లు ఆగి కోయాలని ఆయనకు తెలియదా? భేషుగ్గా తెలుసు. అందుకే తన ఇంటి చారులోకి మాత్రం పెరట్లో వేరే చెట్టు పెంచుకున్నాడు. దాని దగ్గరికి మందు డబ్బాను రానిచ్చేవాడు కాదు. విన్నారా, ఎంత ఘోరమో!

"తప్పు కదండీ?" అని భార్య అడిగితే నవ్వాడు.

"పిచ్చిదానా, కరివేపాకు ఎవరు తింటారే? చారులో, పులిహోరలో వాసనకి వేస్తారు. తినేటప్పుడు ఏరి పక్కన పెడతారు. తాతల కాలం నుంచీ అంతేగా!" అన్నాడు.

తాతల కాలం నుంచీ ఇంకో అలవాటు కూడా ఉంది. అది ఆ పెద్దమనిషికి గుర్తు రాలేదు.

ఆయన కూతురు సుభాషిణికి రెండో కాన్పు పట్నంలో, అత్తవారింట్లోనే జరిగింది. ఆడపిల్ల పుట్టింది. పదిహేను రోజులయ్యాక బసవపున్నయ్య మనవరాలిని చూడ్డానికి వెళ్లాడు. సరిగ్గా భోజనం వేళకి చేరాడు. సుభాషిణి పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కంచం ముందు కూర్చుంది. వియ్యపురాలు అనసూయమ్మ వేడి అన్నంలో నల్లటి పొడి వేసి నెయ్యి పోసింది.

"ఏం పొడమ్మా అది?" అని అడిగాడు.

"కరివేపాకు పొడి అన్నయ్యగారూ! బాలింతకి మొదటి ముద్ద ఇదేగా. మా అత్తగారు నాకు పెట్టింది, వాళ్లత్తగారు ఆవిడకి పెట్టింది. మీ అమ్మాయి మూడు రోజుల నుంచి కడుపులో తిప్పుతోందని గునుస్తోంది. పాలు పడొద్దూ? నేనే బతిమాలి తినిపిస్తున్నాను. ఆకు ఎంత నిగనిగలాడుతోందో చూడండి, రోజు విడిచి రోజు ఒకే కొట్లో తెస్తున్నాను," అంటూ కట్ట తెచ్చి చూపించింది.

కట్టకి నీలం నైలాను దారం, రెండు ముళ్లు. అచ్చం బసవపున్నయ్య తోటలో కట్టే కట్ట! ఏరి పక్కన పెట్టడానికి ఒక్క రెబ్బ లేదు. గుప్పెళ్లకొద్దీ ఆకు పొడైపోయి కూతురి చేతి ముద్దలో ఉంది.

ఒక్క దూకు దూకి ఆ చేతిని కొట్టాడు. ముద్ద ఎగిరి గోడకి తగిలింది. పసిది కెవ్వుమంది.

"నాన్నా! పిచ్చి పట్టిందా నీకు?"

"తినకే తల్లీ! అది మన తోట ఆకు!"

అనసూయమ్మ తెల్లబోయింది. "మీ తోటదైతే ఇంకా మంచిదేగా అన్నయ్యగారూ! రెండుసార్లు కడిగాను కూడా."

"కడిగినా పోదమ్మా!" అంటూ మందు సంగతి, జిగురు సంగతి, మర్నాటి కోత సంగతి అంతా వెళ్లగక్కాడు.

వెంటనే తల్లీబిడ్డల్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. "ఇప్పటికైనా ఆపారు, నయం. ఇద్దరికీ ప్రమాదం లేదు," అంది డాక్టరమ్మ. బసవపున్నయ్య కళ్లు తుడుచుకుని కూతురి మంచం దగ్గరికి వెళ్లాడు.

సుభాషిణి మొహం అటు తిప్పుకుంది. "నన్ను ఆపడానికి నువ్వొచ్చావు నాన్నా. ఈ ఊళ్లో ఇంకెంతమంది బాలింతలు ఆ ఆకు తింటున్నారో! వాళ్లని ఎవరు ఆపుతారు?" అంది.

బసవపున్నయ్య అక్కడి నుంచే తోటకి ఫోన్ చేశాడు. "కోత ఆపండి. కోసిందంతా గోతిలో పూడ్చేయండి," అన్నాడు. కానీ అప్పటికే అమ్మేసిన ఆకుని ఏ ఇంటి నుంచీ వెనక్కి తేలేకపోయాడు.

మన బిడ్డ కంచంలో పెట్టడానికి భయపడేదాన్ని ఇంకొకరి బిడ్డ కంచంలోకి పంపకూడదు.