గోరింట దాచిన మూడు ఇటుకలు

అనగనగా ఒక మహా అడవి. ఎంత పెద్దదంటే, ఈ చివర మొదలైన వాన ఆ చివరికి చేరేసరికి ఎండాకాలం వచ్చేసేది! ఆ అడవి అంచున సుంకమ్మ పశువుల దొడ్డి. అందులో గోరింట అనే ఎర్రావు ఉండేది.

గోరింటకు ఒకే ఒక్క కోరిక. తనకో దూడ కావాలి. దాని ఈడు ఆవులన్నీ రెండేసి ఈతలు ఈనాయి. గోరింట మాత్రం ఒక్కసారైనా చూడి కట్టలేదు.

పొద్దు వాలితే చాలు, ఆవులన్నీ "అంబా!" అంటూ అడవిలోంచి దొడ్డికి పరుగెత్తేవి. దూడలు ఎదురొచ్చేవి. గోరింట అన్నిటికన్నా వెనక, మెల్లగా నడిచేది. త్వరగా వెళ్లి ఎవర్ని చూడాలి?

దాని ఒంట్లో ఏదో కొరత ఉంది. ఎండిన ఎముక దొరికితే నమిలేది. సుంకమ్మ ఆరేసిన చీర కొంగు కూడా నమిలేసింది. ఇక దొడ్డి గోడనైతే నాకీ నాకీ, అవతలి ఊరు కనిపించేంత కన్నం చేసింది!

సుంకమ్మ పశువుల డాక్టరును పిలిచింది. "దీనికి ఖనిజ లవణాలు తక్కువయ్యాయమ్మా. అందుకే ఎదకు రావడం లేదు" అన్నాడాయన.

సుంకమ్మ పశువులు నాకే లవణాల ఇటుక తెచ్చి, తాడు కట్టి గోరింట ముందు వేలాడదీసింది. "రోజూ నాకవే తల్లీ. నీకూ ఓ బిడ్డ పుడుతుంది" అంది.

గోరింట నాలుక తాకించింది. ఆహా, ఏం రుచి! తోక చివరి దాకా ఒళ్లు ఝల్లుమంది. ఆ అదురుకు వీపుమీది ఈగలు ఎగిరి కొండ అవతల పడ్డాయి!

రెండోసారి నాకబోయి ఆగింది. 'ఇంత మంచిది నేనెలా తినేస్తాను? నా బిడ్డ వచ్చాక తింటుంది' అనుకుంది. తాడు కొరికింది. ఇటుకను నోట కరుచుకుపోయి, మూలనున్న గుంటలో పెట్టి గడ్డి కప్పింది.

మర్నాడు సుంకమ్మ నోరెళ్లబెట్టింది. "ఒక్కరోజులో ఇటుకంతా మింగావా! నీది నాలుకా, రంపమా?"

మరుసటి నెల రెండో ఇటుక కట్టింది. అదీ గుంటలోకే పోయింది. ఈసారి దొడ్డి గోడమీద వాలిన కొంగ ఒకటి చూసింది.

"గోరింటక్కా, ఎవరికోసం దాస్తున్నావు?"

"నా బిడ్డకోసం."

"ఏ బిడ్డ?"

గోరింట తల తిప్పుకుంది. అడవి దారివైపు చూస్తూ ఉండిపోయింది.

మూడో ఇటుక దాస్తుంటే పక్కనున్న ముసలి గేదె కాటుకమ్మ పట్టేసింది. "ఏమే, గోడలు నాకుతావు, ఇటుకలు దాస్తావు! నీకు కొమ్ముల మధ్య బుర్ర ఉందా?"

"నీకేం అత్తా, పది ఈతలు ఈనావు. పక్కన దూడ లేకుండా పడుకోవడం ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

కాటుకమ్మ నెమరు ఆపేసింది.

అంతలో వానలు పట్టుకున్నాయి. ఒక్కో ధార ఏనుగు తొండమంత! గోరింట నాకి చేసిన కన్నంలోంచే నీళ్లు దొడ్డిలోకి దూకాయి. గుంట నిండింది. మూడు ఇటుకలూ కరిగి బురదలో కలిసిపోయాయి.

"అత్తా! నా బిడ్డ తిండంతా పోయింది!" గోరింట గొంతు పగిలేలా అరిచింది.

కాటుకమ్మ లేచి వచ్చి దాని మెడ నాకింది. "పిచ్చిదానా, నీ బిడ్డ ముందుగా ఎక్కడ ఉంటుంది?"

"నా కడుపులో."

"అక్కడ దానికి తిండి ఎవరి నోట్లోంచి వెళుతుంది?"

గోరింట తన పొట్టవైపు చూసుకుంది. "నా నోట్లోంచే" అంది చిన్నగా.

"మరి ఇన్నాళ్లూ ఆ నోరే కట్టేసుకున్నావు కదే!"

వానలు వెలిశాక సుంకమ్మ గోడ పూడ్చి, నాలుగో ఇటుక కట్టింది. గోరింట రోజూ నాకింది. ఒక నెల గడిచింది. ఏమీ లేదు. రెండో నెల గడిచింది. గోడలు నాకడం మానేసింది. దాని ఒళ్లు ఎంత నిగనిగలాడిందంటే, సుంకమ్మ అందులో చూసుకుని తల దువ్వుకునేది! మూడో నెలలో ఎదకు వచ్చింది. చూడి కట్టింది.

తొమ్మిది నెలలు నిండాక ఒక ఉదయం ఎర్రటి పెయ్యదూడ పుట్టింది. తూలింది, పడింది, లేచి నిలబడింది.

"నీకోసం ఏమీ దాచలేదమ్మా" అంటూ గోరింట దాన్ని నాకింది. పెయ్య ఆ మాట వినలేదు. పొదుగు వెతుక్కుని, కళ్లు మూసుకుని, గుటకలు వేస్తూ తాగింది.

కొన్నాళ్లకు గోరింట మళ్లీ మేతకు వెళ్లింది. పొద్దు వాలింది. ఆవులన్నిటికన్నా ముందు దొడ్డికి పరుగెత్తింది ఎవరనుకున్నారు? గోరింటే! ఆ పరుగుకు లేచిన దుమ్ము ఇంకా నేలకు దిగలేదు.

నీతి: పుట్టబోయే బిడ్డ బలంగా ఉండాలంటే, ముందు తల్లి కడుపు నిండాలి.